జంపఖానాల కూసున్నామె

హన్మకొండ నుంచి స్కూటర్ మీద వచ్చిన సారు
గొట్టం లెక్క చుట్టిన కాగితం మగ్గం మీద పరిచి
నాలుగు మూలలకు నాలుగు కండెలు పెట్టిండు.
"ఈ బొమ్మ నేసిస్తవా సాంబలక్ష్మీ, నాలుగు ఆరు?"

చూసిన.
ఒక కన్ను నుదుటి కాడ, ఇంకోటి చెంప దిగినకాడ.
ముక్కు పక్కకు తిరిగింది, మూతి తిరగలేదు.
ఒళ్ళో చేతులు లెక్కపెట్టిన. మూడు.
కుర్చీ ఏడ అయిపోయి మనిషి ఏడ మొదలైందో
గీసినాయనకన్న తెలుసో లేదో.

"భూకంపంల కూసున్నట్టుంది" అన్నడు మా ఆయన,
రంగు బానల ముంచిన నూలు పిండుకుంట.
పక్కింటి కనకవ్వ అద్దాలు పైకి తోసి
"పంటినొప్పి బిడ్డా, ఆ చెంప చూడు" అన్నది.
సారు చానసేపు చెప్పిండు:
ఒక్క చూపుల నాలుగు దిక్కులట, కాలమట, కోణమట.
నేను ధర అడిగిన.

కొత్తవాడల పుట్టినోళ్ళకు గడులు కొత్తగాదు.
గులాబీనైనా నెమలినైనా మేం మెట్లు మెట్లుగనే నేస్తం,
గుండ్రం అనేది మా పంజాకు రాదు.
ఆ గీసినాయన ఏ దేశపోడో గాని
మా వాడకట్టు మనిషే అనిపించింది.

గడుల కాగితం మీదికి దించినంక
ఆమె నా లెక్కలల్లకు వచ్చింది.
చెంపకు ఇరవై రెండు పోగులు, పసుపు.
మెడకు తొమ్మిది, ఇటుక రంగు.
మూడో చేతికి పద్నాలుగు, బూడిద.

మగ్గం మీద మనిషి కాళ్ళ నుంచి పుడుతది.
మొదటి వారం కుర్చీ కాళ్ళూ ఆమె కాళ్ళూ కలిసే వచ్చినయి,
ఏవి ఎవరివో నాకూ చిక్కలే.
తర్వాత ఒడి.
ఒడి నేసే రోజులల్ల ఆమెకింక ముఖం లేదు.
మోకాళ్ళకు మోకాళ్ళు తాకేటట్టు
ఎదురెదురుగ కూసున్నం ఇద్దరం,
ఒకల పేరు ఒకలకు తెల్వకుంట.

మూడో చెయ్యి కాడ పంజా ఆగింది.
ఎవరిదిది?
అప్పుడే పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన.
మెడ అటు తిరిగింది, చెయ్యి ఇటే పోగు పట్టుకున్నది,
ఇంకో చెయ్యి లేవనీకి పీట మీద ఆనింది.
బిడ్డ లోపల్నుంచే "నేను దించిన అమ్మా" అన్నది.
మళ్ళ కూసున్న.

అగో, అప్పుడు తెలిసింది.
ఆమె విరగలేదు. ఎవరో పిలిచిన్రు.
లేవబోయింది, లేవలేదు, కూసున్నది,
మళ్ళ పిలిచిన్రు.
ఆయన అన్నిటినీ గీసిండు.
ఏదీ తుడవలేదు, అంతే.

ముఖం వచ్చేసరికి కాళ్ళు దూలానికి చుట్టుకపోయినయి.
నేసిన నేనే మనిషిని మొత్తం చూడలేదు.
పై కన్ను నేసేనాడు నల్లనూలు ఒడిసిపోయింది,
ముదురు నీలం పెట్టిన. సారుకు చెప్పలేదు.
నీలం పెట్టినంక ఆ కన్ను
కొంచెం వానను చూస్తున్నట్టే ఉన్నది.

కోసి దించి, తిప్పి చూసినం.
జంపఖానాకు వెనుక ఉండదు. అటూ ఆమెనే,
కాకుంటే ఎడమకు చూసేది కుడికి చూస్తది.
"గోడకు వేసుకుంటరట" అన్నడు మా ఆయన.
జంపఖానాను గోడకా!
అంత పని చేసినంక దాని మీద ఒక్క మనిషన్న కూసోవద్దా?
సారు వచ్చేదానికి ముందు నడింట్ల పరిచి
ఆమె ఒళ్ళో కూసున్న, ఒక చాయ్ అయ్యేదాక.
ఎవరూ పిలువలేదు.

సారు టేపు పెట్టి కొలిచిండు.
పొడుగు రెండు అంగుళాలు తక్కువొచ్చింది, పైసలు తగ్గించుమన్నడు.

కూసున్నది గద సారూ, అన్న.
లేస్తే సరిపోతది.